రుమాలు ఎవరిది? - పాలస్తీనా సమాజంలో భూమి, కూలి, చదువు

పాలస్తీనా అనగానే మీ కళ్ళ ముందుకు ఏమొస్తుంది? ఒక హాస్టల్లో విద్యార్థులతో మాట్లాడుతూ ఈ ప్రశ్న అడిగాను. రాయి పట్టుకున్న పిల్లవాడు, ట్యాంకు, కూలిన మేడ, శవం మీద పడి ఏడుస్తున్న తల్లి, నలుపు తెలుపు గళ్ళ రుమాలు - ఇవే చెప్పారు. అందులో తప్పేం లేదు. పత్రికలూ టీవీలూ ఇన్నేళ్ళుగా చూపించింది అదే. కానీ ఆ ఊళ్ళలో పొలం ఎవరిది, దున్నింది ఎవరు, అప్పు ఇచ్చింది ఎవరు, ఆడపిల్ల ఏ తరగతి దాకా చదివింది, కూలికి ఎక్కడికి పోతారు అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. చాలాకాలం నా దగ్గరా లేదు.

మనకు ఇది కొత్త అనుభవం కాదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడే పత్రికలకు మన వాడలు కనబడ్డాయి. చచ్చినప్పుడు తప్ప బతికినప్పుడు కనబడని జనం మనం. అందుకే ఇంకో జనాన్ని శవాలుగా మాత్రమే చూసే అలవాటు మనకు ఉండకూడదు.

ఈ వ్యాసం యుద్ధాల చరిత్ర కాదు. అట్లని ఆక్రమణను పక్కన పెట్టి పాలస్తీనాను అర్థం చేసుకోవచ్చని నేను అనడం లేదు. భూమి పోవడం దగ్గర్నుంచి కూలి పర్మిట్ దాకా అన్నిట్లో అదే ఉంది. నేను చెప్పదలచుకున్నది వేరు. పాలస్తీనా సమాజం ఒకే ముద్ద కాదు. భూమి రాసుకున్నవాడు ఉన్నాడు, దున్నినవాడు ఉన్నాడు. భూమి పోయినప్పుడు ఈ ఇద్దరికీ పోయింది ఒకటే కాదు. ఆ తర్వాత దున్నినవాడి పిల్లలు కూలితోనూ చదువుతోనూ పాత పెత్తనాన్ని చాలావరకు కదిలించారు. అయితే కాళ్ళ కింద సొంత ఆర్థిక పునాది లేకపోవడం వల్ల ఆ మార్పు సగంలో ఆగింది. అది ఎట్లా జరిగిందో చూద్దాం.

పట్టా ఎవరి పేర?

పాలస్తీనా 1917 దాకా ఉస్మానియా తుర్కుల సామ్రాజ్యంలో ఉండేది. అప్పుడు జనంలో ఎక్కువమంది ఫెల్లాహిన్, అంటే సేద్యం చేసుకునే ఊరివాళ్ళు. చాలా ఊళ్ళలో ముషా అనే పద్ధతి ఉండేది. భూమి ఊరందరిది, కొన్నేళ్ళకొకసారి కుటుంబాల మధ్య చెలకలు మార్చి పంచుకునేవాళ్ళు. 1858లో తుర్కు ప్రభుత్వం భూమి చట్టం తెచ్చింది. ఎవరి భూమి వాళ్ళ పేర రిజిస్టరు చేసుకోమంది. పేరు రాయించుకుంటే పన్ను మీద పడుతుంది, కొడుకును సైన్యంలోకి పట్టుకుపోతారు అని ఊరివాళ్ళు భయపడ్డారు. పట్నంలో పలుకుబడి ఉన్న పెద్ద కుటుంబాలు, వీళ్ళను అయాన్ అంటారు, ఊళ్ళకు ఊళ్ళు తమ పేర రాయించుకున్నాయి. దున్నేవాడు దున్నుతూనే ఉన్నాడు. కాగితంలో మాత్రం కౌలుదారు అయిపోయాడు. పట్టా దొర పేర, చెమట మన పేర ఉన్న తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్ళకు దీన్ని వేరే విడమర్చి చెప్పనక్కర్లేదు.

అప్పుల సంగతి కూడా చూడాలి. నబ్లూస్ పట్నం ఆలివ్ నూనెతో చేసే సబ్బుకు పేరుపడ్డది. పంటకు ముందు వ్యాపారి రైతుకు డబ్బు ఇచ్చేవాడు. పంట వచ్చాక అంతకుముందే ఖాయం చేసిన ధరకు రైతు నూనె పోయాలి. దీన్ని సలమ్ అంటారు. పంట దెబ్బతింటే బాకీ పెరుగుతుంది, బాకీ పెరిగితే చెట్టు పోతుంది. బెషారా దౌమానీ అనే చరిత్రకారుడు నబ్లూస్ వర్తకుల గురించీ రైతుల గురించీ రాసిన పుస్తకం 1995లో వచ్చింది. బయటివాళ్ళు అడుగుపెట్టకముందే ఈ సమాజంలో మార్కెట్టూ ఉంది, వడ్డీ ఉంది, తగాదాలూ ఉన్నాయి అని అది చూపించింది. కాలం కదలకుండా నిలబడ్డ పల్లె అనేది అక్కడ ఎన్నడూ లేదు.

ఇట్లా కాగితం మీద దొరకు చేరిన భూమిని అమ్మడం తేలిక. బేరూత్‌లో ఉండే సుర్సుక్ కుటుంబం 1870ల్లో మర్జ్ ఇబ్న్ ఆమిర్ అనే సారవంతమైన మైదానంలో ఊళ్ళు కొన్నది. అందులో ఒక భాగాన్ని 1910లోనూ, ఇరవై దాకా ఊళ్ళను 1920ల మొదట్లోనూ యూదుల భూసేకరణ సంస్థలకు అమ్మింది. తరాలుగా దున్నుతున్న కౌలుదార్లకు కొంత పరిహారం చేతిలో పెట్టి లేవమన్నారు. అమ్మినవాళ్ళు బయటి జమీందార్లు మాత్రమే కాదు, పాలస్తీనా పెద్ద కుటుంబాల్లోనూ అమ్మినవాళ్ళు ఉన్నారు. జాతి పేరు మీద ఉపన్యాసాలు ఇచ్చిన ఇళ్ళు కూడా అందులో ఉన్నాయి. ఈ మాట చెబితే పోరాటం బలహీనపడుతుందని కొందరు అంటారు. చెప్పకపోతే లేచిపోయిన కౌలుదారు కథ చరిత్రలోంచే లేచిపోతుంది.

ఆ లేచిపోయినవాళ్ళు ఎటు పోయారు? చాలామంది హైఫా పోయారు. అక్కడ రైల్వే ఉంది, 1933లో కొత్త ఓడరేవు తెరిచారు. కూలి దొరికింది, ఇల్లు దొరకలేదు. రేకుల గుడిసెల వాడలు వెలిశాయి. 1935 నవంబరులో బ్రిటిష్ పోలీసుల చేతిలో చనిపోయిన ఇజ్జుద్దీన్ అల్ కస్సామ్ అనే మతబోధకుడికి అనుచరులు దొరికింది ఈ వాడల్లోనే. 1936లో ఆరు నెలలు సాగిన సార్వత్రిక సమ్మె, దాని వెంట 1939 దాకా నడిచిన తిరుగుబాటు, వీటికి బలం పల్లె జనమే. 1938లో తిరుగుబాటుదార్లు పట్నాల్లోకి వచ్చినప్పుడు మూడు ఆజ్ఞలు వేశారు. ఒకటి, రైతు బాకీల వసూలు ఆపాలి. రెండు, పట్నంలో ఇంటద్దెలు వసూలు చేయొద్దు. మూడు, పట్నపు పెద్దమనుషులు తర్బూష్ తీసేసి కుఫియ్యా కట్టాలి. తర్బూష్ అంటే హైదరాబాదులో రూమీ టోపీ అన్నామే, అదే. కుఫియ్యా ఎండకు రైతు తలకు చుట్టుకునే గుడ్డ. అంతదాకా పట్నంవాడు దాన్ని మోటు గుడ్డగా చూశాడు. రైతుగుడ్డను దొర నెత్తిన పెట్టించిన రోజు అది. ఇవాళ ప్రపంచమంతా పాలస్తీనా గుర్తుగా చూస్తున్న రుమాలు అట్లా వచ్చింది.

కార్డు, క్యాంపు, బడి

1948 యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్ళు వదిలిపోవాల్సి వచ్చింది. నాలుగు వందలకు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గాజా పట్టీలో అంతకుముందు ఉన్న జనం సుమారు 80,000. వచ్చిపడ్డ కాందిశీకులు సుమారు రెండు లక్షలు. ఇక్కడ కూడా అందరికీ ఒకే గతి పట్టలేదు. బ్యాంకులో డబ్బు, చదువు, చుట్టరికాలు ఉన్నవాళ్ళు బేరూత్‌లో, అమ్మాన్‌లో ఇళ్ళు అద్దెకు తీసుకున్నారు. చేతుల బలం తప్ప ఏమీ లేని ఫెల్లాహిన్ గుడారాల్లో పడ్డారు. క్యాంపు అంటే ప్రధానంగా రైతుకూలీల క్యాంపు. 1950లో నబ్లూస్ పక్కన పెట్టిన బలాటా క్యాంపు పావు చదరపు కిలోమీటరు. పక్కనే ఉన్న పట్నపు కుటుంబాలు క్యాంపువాళ్ళకు పిల్లనివ్వడానికి వెనకాడేవి. ఫెల్లాహ్ అన్న మాటనే తిట్టుగా వాడేవాళ్ళు.

1950 మే నుంచి ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సహాయ సంస్థ, ఉన్రా అంటారు దాన్ని, పని మొదలుపెట్టింది. పిండి, నూనె ఇచ్చింది. వాటికంటే ముఖ్యంగా బడి పెట్టింది. పొలంలో పనికి పనికొచ్చే పిల్లవాణ్ణి బడికి పంపడానికి రైతు ఆలోచిస్తాడు. పొలమే లేనప్పుడు ఆలోచించేదేముంది? ఆడపిల్లలూ బడికొచ్చారు. 1953లో కలందియాలో వృత్తి శిక్షణ కేంద్రం, 1962లో రమల్లాలో ఆడపిల్లలకు శిక్షణ కేంద్రం వచ్చాయి. తాత సంతకం పెట్టలేడు, మనవరాలు పంతులమ్మ అయింది. అచ్చంగా మా ఇంట్లో జరిగినట్టే. భూమి ఇస్తే భూమి, లేకపోతే చదువు అని మన పెద్దలు అనుకున్నారే, అక్కడా అదే లెక్క.

ఈ చదువుకు కూడా సొంతగడ్డ మీద ఉద్యోగం లేదు. టీచర్లు, ఇంజనీర్లు, గుమాస్తాలు కువైట్ పోయారు, సౌదీ పోయారు. వాళ్ళు పంపిన డబ్బుతో తమ్ముళ్ళు చదివారు, రాతి ఇళ్ళు లేచాయి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించే నాటికి అక్కడ మూడున్నర లక్షలకు పైగా పాలస్తీనీయులు ఉండేవాళ్ళు. 1991 తర్వాత దాదాపు అందరూ వెళ్ళిపోవాల్సి వచ్చింది. అదే కువైట్ నుంచి పెట్టె సర్దుకుని వచ్చిన కడప, గోదావరి జిల్లాల మనుషులు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. తేడా ఒకటే. మనవాళ్ళకు తిరిగిరావడానికి ఒక ఊరు ఉంది.

కూలి తెచ్చిన మార్పు

1967లో వెస్ట్‌బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ సైన్యం చేతికి వచ్చాయి. ఆ తర్వాత మొదలైన మార్పును తెలుసుకోకుండా ఇవాళ్టి పాలస్తీనా అర్థం కాదు. కొత్త బావి తవ్వాలంటే సైన్యం అనుమతి కావాలి, ఫ్యాక్టరీ పెట్టాలంటే అనుమతి కావాలి. కానీ కూలికి పోవడానికి దారి తెరిచారు. 1980ల మధ్యకు వచ్చేసరికి ఈ రెండు ప్రాంతాల్లో పనిచేసేవాళ్ళలో సుమారు మూడోవంతు, గాజాలో దాదాపు సగం, ఇజ్రాయెల్‌లో పనిచేస్తున్నారు. తెల్లవారక ముందే లేచి బస్సెక్కాలి, అడ్డా మీద నిలబడాలి, రాత్రికి తిరిగి రావాలి. అక్కడ పడుకోవడానికి వీల్లేదు. ఇజ్రాయెలీ కార్మికుడికి కోసినట్టే వీళ్ళ జీతంలోనూ సాంఘిక బీమాకు కోత పెట్టారు. నిరుద్యోగ భృతి, వృద్ధాప్య పింఛను మాత్రం వీళ్ళకు లేవు.

సలీం తమారీ అనే సమాజశాస్త్రవేత్త 1981లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. పరాయివాళ్ళ ఇళ్ళు కట్టడం గురించి అది. పేరులోనే అంతా ఉంది. రైతు మేస్త్రీ అయ్యాడు. తమ ఊరి భూమి మీద లేస్తున్న సెటిల్మెంట్లకు ఇటుక పేర్చింది కూడా ఈ మేస్త్రీలే. అట్లని దీన్ని దోపిడీ అని ఒక్కమాటలో తేల్చి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. చేతికి నగదు వచ్చింది. ఇరవై ఏళ్ళ కుర్రాడి వారం కూలి తండ్రి ఏడాది పంటకంటే లెక్కకు వస్తున్నప్పుడు తండ్రి మాట చెల్లుతుందా? కౌలు పొలం అక్కర్లేనివాడు భూస్వామి ముందు చేతులు కట్టుకుంటాడా? హమూలా అనే పెద్ద వంశాల పట్టు, ముఖ్తార్ అనే ఊరిపెద్ద మాట బలహీనపడ్డాయి. 1976లో వెస్ట్‌బ్యాంక్ మునిసిపల్ ఎన్నికల్లో ఆడవాళ్ళు మొదటిసారి ఓటేశారు. చాలాచోట్ల పాత అయాన్ కుటుంబాలు ఓడి కొత్తతరం జాతీయవాదులు గెలిచారు.

అదే కాలంలో బీర్‌జేత్, బెత్లెహెం, నబ్లూస్, గాజాల్లో విశ్వవిద్యాలయాలు వచ్చాయి. క్యాంపు పిల్లలు, పల్లె పిల్లలు వాటిలోకి వచ్చారు. మొదటితరం చదువుకున్నవాళ్ళు ఊళ్ళకు పోయి స్వచ్ఛంద సేవా కమిటీలు పెట్టారు. 1978లో మహిళా కార్య కమిటీ మొదలైంది. ఇంకోవైపు, మగవాళ్ళు అవతల కూలికి పోతే పొలం భారం ఆడవాళ్ళ మీద పడింది. ఆ పనికి కూలి లేదు, లెక్కలేదు. ఆలివ్ తోటను వదిలేయడానికి కూడా లేదు. ఎందుకంటే దున్నని భూమిని ప్రభుత్వ భూమిగా ప్రకటించవచ్చని పాత తుర్కు చట్టాన్ని అడ్డంపెట్టి 1980 నుంచి వేల ఎకరాలు తీసుకున్నారు. కాబట్టి ఆలివ్ చెట్టు కాయల కోసం ఎంతో, పట్టాగా కూడా అంతే. దాన్ని కాపాడింది ఎక్కువగా ఆడవాళ్ళే.

1987 డిసెంబరులో మొదలైన మొదటి ఇంతిఫాదాను రాళ్ళ పోరాటంగా మనం చూశాం. దానికి నిప్పు అంటుకున్నది ఎక్కడ? పని ముగించుకుని గాజాకు తిరిగి వస్తున్న కూలీల బండ్లను ఇజ్రాయెలీ లారీ గుద్ది నలుగురు చనిపోయారు. జబాలియా క్యాంపు లేచింది. బడులు మూసేస్తే ఇళ్ళల్లో పాఠాలు చెప్పారు, పెరట్లో కూరగాయలు వేశారు. బేత్ సాహూర్ అనే ఊరు ఇజ్రాయెల్ పాలు కొనడం మాని 18 ఆవులు కొనుక్కుంది. ఆ ఆవులను భద్రతకు ముప్పు అని సైన్యం వెతికింది. ఒక జనం తమ కాళ్ళమీద తాము నిలబడాలని చేసిన ప్రయత్నం ఇది. రాయి విసిరిన ఫోటోలో ఇది పడదు.

సగంలో ఆగిన మార్పు

1993లో ఓస్లో ఒప్పందం, 1994లో పారిస్ ఆర్థిక ఒప్పందం వచ్చాయి. పాలస్తీనా అథారిటీ ఏర్పడింది. సొంత కరెన్సీ లేదు, చెలామణిలో ఉన్నది షెకెల్. దిగుమతుల మీద పన్నును ఇజ్రాయెల్ వసూలు చేసి అథారిటీకి ఇస్తుంది. అథారిటీ ఆదాయంలో సగానికి మించినది అదే. కోపమొచ్చినప్పుడల్లా ఆపేస్తుంది, అప్పుడు పంతులుకు జీతం ఉండదు. వెస్ట్‌బ్యాంక్‌లో సుమారు 60 శాతం భూమి, సీ ఏరియా అంటారు, పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులో ఉండిపోయింది. సారా రాయ్ అనే పరిశోధకురాలు గాజా గురించి 1995లో రాసిన పుస్తకంలో చెప్పింది ఇదే: ఇది వెనుకబాటుతనం కాదు, ముందుకు పోయే శక్తినే తీసేయడం.

ఇందులో బాగుపడినవాళ్ళు లేరా? ఉన్నారు. దిగుమతి లైసెన్సులు దక్కినవాళ్ళు, పెద్ద కంపెనీలు, అథారిటీ పై అధికారులు బాగుపడ్డారు. ఉద్యోగులు బ్యాంకు అప్పులతో ఫ్లాట్లు కొన్నారు. 1970ల నాటి కమిటీలు చాలా వరకు విదేశీ నిధుల సంస్థలయ్యాయి. ఊరికి పోయే కార్యకర్త రిపోర్టు రాసే ఉద్యోగి అయ్యాడు. మన దగ్గరా ఇది చూశాం. 2016లో వెస్ట్‌బ్యాంక్ టీచర్లు జీతాల కోసం సమ్మె చేసి వేలమంది రమల్లాకు బయల్దేరితే దారుల్లో ఆపింది ఇజ్రాయెల్ సైన్యం కాదు, సొంత అథారిటీ పోలీసులు. కూలికి పోయేవాడి పర్మిట్ కూడా సరుకైంది. నెలకు రెండువేల షెకెళ్ళకు పైగా దళారీకి కట్టి పనికిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

ఆడవాళ్ళ సంగతి చూస్తే ఈ సగం మార్పు ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1997లో పెద్దల్లో 13.9 శాతం మందికి చదువు రాదు. 2020ల మొదటికి అది సుమారు 2 శాతానికి దిగింది. 1990ల్లో ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు, 2020 నాటికి నలుగురి కంటే తక్కువ. విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిలే ఎక్కువ. కానీ సంపాదన పనిలో ఉన్న, లేదా వెతుక్కుంటున్న స్త్రీలు ఐదుగురిలో ఒక్కరు కూడా లేరు. శిశు విద్యాలయాల్లో, కుట్టు కార్ఖానాల్లో పనిచేసే చాలామందికి చట్టం చెప్పిన కనీస వేతనం కూడా అందదు.

ఇంకొక మాట, మనం తప్పక అడగాల్సింది. జెరూసలేం పాతబస్తీలోనూ, జెరికోలోనూ, గాజాలోనూ ఆఫ్రికా మూలాలున్న పాలస్తీనీయులు ఉన్నారు. జైళ్ళకు పోయారు, పోరాడారు. అయినా వాళ్ళను 'అబ్ద్' అనే మాటతో పిలిచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటకు అర్థం బానిస. పెళ్ళి దగ్గర ఆ రంగు గుర్తొస్తుంది. దీన్ని కులం అని నేను అనను, రెండూ ఒకటి కావు. కానీ పేరుపెట్టి పిలవడంలో ఉండే అవమానం ఏమిటో మనకు తెలుసు.

మేస్త్రీ స్థానంలో మేస్త్రీ

2023 అక్టోబరు 7న హమాస్ దాడి, దాని వెంట గాజా మీద ఇజ్రాయెల్ యుద్ధం. పదుల వేలమంది చనిపోయారు. బడులు, విశ్వవిద్యాలయాలు నేలమట్టమయ్యాయి. ప్రపంచ బ్యాంకు లెక్కలో 2024లో గాజా ఆర్థిక వ్యవస్థ 80 శాతానికి పైగా కుంచించుకుపోయింది. అంతకుముందు వెస్ట్‌బ్యాంక్ నుంచి లక్షన్నరకు పైగా, గాజా నుంచి సుమారు 18,000 మంది ఇజ్రాయెల్‌లోనూ సెటిల్మెంట్లలోనూ పనికి పోయేవాళ్ళు. ఒక్క రోజులో ఆ పర్మిట్లు ఆగిపోయాయి. యాభై ఏళ్ళుగా కూలి మీద కట్టుకున్న జీవితం ఎంత లోతు పునాది మీద ఉందో అప్పుడు తెలిసింది.

ఆ ఖాళీలోకి ఎవరు పోయారు? యుద్ధానికి ముందే, 2023 మేలో, 42,000 మంది భారతీయ కార్మికుల కోసం రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయి. యుద్ధం మొదలయ్యాక ఆ పని వేగమైంది. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ పనివాళ్ళు కావాలన్నారు. మొదటి విడతలో ఉత్తరప్రదేశ్, హర్యానా, తెలంగాణల నుంచి పదివేల మందికి పైగా ఎంపికయ్యారని 2024లో కేంద్రం ప్రకటించింది. ఇక్కడి ప్రధాన కార్మిక సంఘాలు వద్దన్నాయి. అయినా జనం క్యూ కట్టారు. పోయినవాణ్ణి నేను తప్పుపట్టలేను. గుంట భూమి లేనివాడికి, ఊళ్ళో పనిలేనివాడికి లక్ష రూపాయలకు పైగా నెల జీతం అంటే ఎట్లా ఉంటుందో మన ఇళ్ళల్లో అడిగితే చెబుతారు. కానీ తాను ఎవరి చేతిలోంచి జారిన తాపీ పట్టుకుంటున్నాడో అతనికి తెలియాలి. ఆ చెయ్యి కూడా భూమి పోయిన చెయ్యే.

కాబట్టి పాలస్తీనా గురించి తరగతిలో చెప్పేటప్పుడు, సభలో మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలూ కలిపి అడగాలి. భూమిని బయటివాడు ఎట్లా తీసుకున్నాడు? లోపల అది ఎవరి పేర ఉండింది? మొదటిది మాత్రమే అడిగితే అయాన్ల కథ జాతి కథ అవుతుంది. రెండోది మాత్రమే అడిగితే ఆక్రమించినవాడికి పని తేలికవుతుంది. జాతి విముక్తి పేరు చెప్పి వాడలోని మనిషిని మాట్లాడొద్దన్న అనుభవం మనకుంది. ఆ అనుభవంతోనే ఆ రుమాలు వైపు చూడాలి. అది ముందు దున్నేవాడిది.